కావలి చేపా, నేనూ

నేను ఒక గిలకను. బావి మీద వేలాడే ఇనుప గిలకను. ఇప్పుడు వేలాడటం లేదు లెండి, తుక్కు కుప్పలో వెల్లకిలా పడి ఆకాశం చూస్తున్నాను. ఒక పక్కన విరిగిన కుర్చీ కాలు, ఇంకో పక్కన మూత పోయిన కుక్కరు, మీద ఎవరి సైకిలుదో ఒక చక్రం. ఇంత తీరిక నాకు పుట్టాక ఎన్నడూ దొరకలేదు. అందుకే మాట్లాడుతున్నాను.

నాకు నోరెక్కువ అని మా వాడలో ఆడవాళ్లందరికీ తెలుసు. తాడు లాగినప్పుడల్లా కీచుమని మొత్తుకునేదాన్ని. "దీని నోరు పడిపోను" అని తిట్టేవాళ్లే గానీ, ఇరుసులో నాలుగు చుక్కల నూనె పోసిన పుణ్యాత్మురాలు ఒక్కరూ లేరు. తిట్టు ఊరికే వస్తుంది, నూనె రాదు కదా. పోనీ, ఆ సంగతి ఎందుకు గానీ, నా కథ చెబుతాను.

పట్నంలో పోత పోసే కార్ఖానాలో పుట్టాను. తడి ఇసుకను పెట్టెలో దట్టించి, చెక్క గిలకను అందులో నొక్కి తీసి, ఆ గుంటలో ఎర్రగా కాగిన ఇనుము పోశారు. ఆ ఇనుములో ఏమేమి కరిగాయో ఎవరికి తెలుసు? ఎవరి ఇంటి కుట్టుమిషను కాలో, ఏ బండి కమ్మియో, ఎవరు తొక్కీ తొక్కీ అరగదీసిన పెడలో. అందుకని పూర్వజన్మ అంటే నాకు నమ్మకమే. మంచి జన్మ అంటేనే నమ్మకం లేదు.

ఇనుప సామాన్ల దుకాణంలో గొలుసుల మధ్య కొన్నాళ్లు వేలాడాక, ఒక పడుచువాడు వచ్చాడు. చేతులకు చేపల వాసన. నా గాడిలో వేలు పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. కొత్త వయసు, గిర్రున తిరిగాను. "గిది మంచిగున్నది, గిదే ఇయ్యి" అన్నాడు. వాడే గంగారాం. మోదుగుపల్లి బెస్తవాడలో వాళ్ల వాడ బావికి పాత చెక్క గిలక అరిగిపోయిందట. నన్ను సైకిలు మీద పెట్టుకుని, దారి పొడవునా ఈల వేసుకుంటూ తీసుకుపోయాడు. ఆ రోజు నన్ను చూసుకుని నేనే మురిసిపోయాను.

ఆ బావి చెరువు కట్టకు దిగువన ఉంది. పైన గుట్టల్లోంచి మోదుగవాగు వచ్చి చెరువులో కలుస్తుంది. ఆ వాగు నీళ్లే చెరువుకు, ఆ చెరువు ఊటే మా బావికి. వాడ అంతా చేపలు పట్టి బతికేవాళ్లు. మగవాళ్లు తెల్లవారక ముందే చెరువులోకి పోతే, ఆడవాళ్లు పట్టిన చేపలు బావి గట్టు మీద కడిగి, గంపలకెత్తుకుని అంగడికి పోయేవాళ్లు. మనుషులు నీళ్ల కోసం బావికి వస్తారని మీరు అనుకుంటారు. నేను పైనుంచి చూశాను, సగం మంది మాటల కోసం వస్తారు. బొక్కెన నిండినా తాడు వదలరు. ఎవరి కోడలు ఎవరిని ఏమన్నదో తేలాకే బొక్కెన పైకి వచ్చేది. ఆ బరువు మోసేదాన్ని నేను. వాళ్లకేం పోయింది.

ఈ బావికి ఒక ఆచారం ఉంది. ఎండాకాలం చివర బావి తోడి, పూడిక తీసి, కొత్త నీళ్లు ఊరాక, అందులో చేపను వదిలేవాళ్లు. దాన్ని ఎవరూ పట్టరు, తినరు. అది బావికి కావలి. కావలి చేప బతికి ఉన్నంత కాలం నీళ్లు మంచివని వాళ్ల నమ్మకం. పాత రోజుల్లో ఇందుకు పరకలు వేసేవాళ్లు. వేలెడంత కూడా ఉండవు, వెండి రేకుల్లా తళతళలాడే చిన్న చేపలు. మహా సుకుమారం. బావిలో నాలుగు ఆకులు కుళ్లినా, ఏ పిల్లి పడి చచ్చినా, పొద్దున్నే తేలిపోయేవి. అవి తేలాయంటే మగవాళ్లు మళ్లీ దిగి బావి తోడాలి. అదేమో చెరువు నిండి చేపలు పడే కాలం. బావి తోడటానికి ఎవరికి తీరిక?

అప్పుడు గంగారాంకు ఒక తెలివైన ఆలోచన వచ్చింది. మనుషులకు వచ్చే తెలివైన ఆలోచనలంటే నాకు ఇప్పటికీ భయం. చెరువులోంచి మోచెయ్యంత కొర్రమీనును తెచ్చాడు. వాళ్ల మాటలో కొర్రమట్ట. పాము తల, నల్లటి వీపు, బురదలో పడేసినా రోజంతా బతికే మొండి ప్రాణం. దానికి నీళ్లలోని ఊపిరి చాలకపోతే పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగుతుంది.

"ఊకూకె సచ్చే పరకలెందుకే అవ్వా? సావని చేపనే ఏస్త. ఇగ బావి తోడే పని లేదు" అన్నాడు తల్లితో.

తల్లి నాగవ్వ గట్టు మీద గిన్నెలు తోముకుంటోంది. తలెత్తకుండానే అంది, "సావని దానికి ఏం దెలుస్తదిరా, నీల్లు ఖరాబయినయని?"

వాడ అంతా నవ్వింది. ముసలిదానికి చాదస్తం అన్నారు. గంగారాం కొర్రమీనును నీళ్లలోకి జారవిడిచాడు. అది ఒక్కసారి తోక ఆడించి చీకట్లోకి పోయింది. ఆ రోజు నాక్కూడా నవ్వొచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అది మొదలు మా బావికి కొర్రమీనే కావలి. ఒకటి ముసలిదై పోతే ఇంకొకటి. పరకల మాట అందరూ మరిచిపోయారు, నాగవ్వ కూడా పోయింది.

గంగారాం పెళ్లయి రాజమణి కాపురానికి వచ్చింది. మొదటి రోజు నీళ్లకు వచ్చి, బావిలోకి తొంగిచూసి ఉలిక్కిపడింది. నల్లటి తల పైకి వచ్చి, గుటుక్కున గాలి మింగి, మళ్లీ మునిగింది. పక్కనే ఉన్న బుచ్చవ్వ, అంటే గంగారాంకు చిన్నమ్మ, పకపకా నవ్వి చెప్పింది, "గది మన కావలిది బిడ్డా. పొద్దుగాల దాన్ని జూసి బొక్కెన ఎయ్యాలె."

రాజమణి ఆ మాటను నెత్తిన పెట్టుకుంది. అది మొదలు రోజూ తాడు ముట్టుకునే ముందు బావిలోకి వంగి, "ఉన్నవా?" అని అడిగేది. కింద గుటుక్కుమనేది. అప్పుడే బొక్కెన వదిలేది. పెళ్లయిన కొత్తలో అడిగింది, కూతురు స్వరూప కడుపున ఉన్నప్పుడు అడిగింది, ఆ పిల్లను చంకనేసుకుని వచ్చినప్పుడు అడిగింది. ఆ అడగటం, ఆ గుటక, ఆ తరవాత నా కీచు. మా ముగ్గురి పొద్దూ అలా మొదలయ్యేది. నా బతుకులో సుఖం అంటే అదే.

స్వరూప బడికి పోయే రోజుల్లో గుట్ట వెనక, వాగు ఒడ్డున ఒక కార్ఖానా వెలిసింది. పాత బ్యాటరీలు పగలగొట్టి అందులోని సీసం కరిగించే చోటు. ఊరివాళ్లకు పని దొరుకుతుందని సంబరం. వాడలో కొందరు పోయి చేరారు. సాయంత్రం గుట్ట మీద తెల్లటి పొగ లేస్తే, మేఘం దిగినట్టుందని ఆడవాళ్లు మెచ్చుకున్నారు కూడా. పగలగొట్టిన బ్యాటరీలలోని నీళ్లు ఎటు పోతాయని ఎవరూ అడగలేదు. నీళ్లు ఎటు పోతాయి? పల్లానికే పోతాయి.

నేను చెరువులోకి పోయి చూడలేను కదా. నాకు తెలిసిందంతా బావి గట్టు మీద కడిగిన గంపల వల్లే తెలిసింది. మొదట గంపల్లో నత్తలు కనబడటం మానేశాయి. తరవాత ఎండ్రికాయలు. ఆ తరవాత రొయ్యలు. వీటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, ఈ ఏడు నీళ్లు తక్కువన్నారు. పరకలు ఎప్పుడు పోయాయో అసలు ఎవరికీ గుర్తులేదు. జెల్ల చేపలు మీసాలు అరిగిపోయి, ఎవరో గొరిగినట్టు బోసి మూతులతో వచ్చాయి. పిల్లలు వాటిని చూసి నవ్వారు. రవ్వ చేపలు వచ్చాయి, తోక దగ్గర నడుము వంకర తిరిగి. పళ్లెంలో వేస్తే ఆనేవి కావు. వంకర చేపను అంగట్లో ఎవరూ కొనరని, వాటిని ఇంట్లోనే వండుకునేవాళ్లు.

"చిన్నత్తా, గీ మొప్పలు సూడు" అంది రాజమణి ఒకనాడు, కోస్తున్న చేపను బుచ్చవ్వ ముందు పెట్టి. "ఎర్రగుండాలె గదా. జిగటగ, మన్ను రంగున్నయి. కడుపుల గుడ్లు గూడ ఎండిపోయినయి."

"ఎండలట్ల ఉన్నయి బిడ్డా. చేపలకు గూడ తాపమే" అంది బుచ్చవ్వ.

ఆ వానాకాలం గంగారాం చెరువు నుంచి వచ్చి గట్టు మీద కూలబడ్డాడు. వలలో ఏమీ పడని రోజులు అతనికి కొత్త కాదు, కానీ ఆ రోజు ముఖం వేరుగా ఉంది. కొర్రమీను పిల్లల సంగతి మీకు తెలుసో లేదో. గుడ్లు పొదిగాక ఎర్రటి పిల్లలు గుంపుగా నీటి మీద ఆడుతుంటే, తండ్రి చేప కిందనే ఉండి కాపలా కాస్తుంది. ఆకలైనా కదలదు. పిల్లలతో ఉన్న కొర్రమీనును వాడలో ఎవరూ పట్టరు.

"తుంగల కాడ తండ్రి చేప నిలవడ్డదే" అన్నాడు గంగారాం, రాజమణి అందించిన నీళ్లు తాగి. "గూడు గూడ ఉన్నది. సుట్టూ తిరుగుతున్నది. పిల్లలే లేవు. ఒక్కటి గూడ లేదు. ఉట్టి నీల్లకు కావలి గాస్తున్నది."

రాజమణి మళ్లీ బొక్కెన వదిలింది. నేను ఆ రోజు ఆమె తాడు లాగుతుంటే పెద్దగా అరవలేదనుకుంటాను.

మరుసటి ఏడు తొలకరి వానకు గుట్ట వెనక నిలవున్న నీళ్లన్నీ ఒక్కసారి వాగులోకి దిగాయి. తెల్లవారేసరికి చెరువు తెల్లగా ఉంది. నీళ్లు కాదు, చేపల పొట్టలు. వాడ ఆడవాళ్లు కట్ట మీద కూర్చుని, మనుషులు పోయినట్టే ఏడ్చారు. ఆ ఏడుపు నాకు బావి దాకా వినిపించింది. తరవాత ఒక జీపు వచ్చింది. దిగినవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని, సీసాల్లో నీళ్లు పట్టుకుని, తొందర్లోనే చెబుతామని పోయారు. ఆ సీసాలు ఇప్పుడు ఎక్కడున్నాయో నాకు తెలియదు. వాళ్లకూ తెలియకపోవచ్చు.

అందరూ చెరువు కోసం ఏడ్చారే గానీ, బావిని ఎవరూ అనుమానించలేదు. ఎందుకు అనుమానిస్తారు? పొద్దున్నే వంగి చూస్తే కావలి చేప పైకి వచ్చి గుటుక్కుమంటోంది. "చెరువు సచ్చిపాయె గని మన బావి బతికే ఉన్నది. కావలిది సల్లగుండాలె" అని బుచ్చవ్వ దానికి దండం పెట్టింది. నాకు మాత్రం దాన్ని చూస్తే నమ్మకం కుదరలేదు. పైనుంచి చూసేదాన్ని కదా. ఇదివరకు ఎప్పుడో ఒకసారి పైకి వచ్చే చేప, ఇప్పుడు మాటిమాటికీ వస్తోంది. నీళ్లలో ఊపిరి ఆడక వస్తోంది. వాళ్లకేమో అది హుషారుగా ఉన్నట్టు కనబడింది.

అప్పుడే, పెళ్లయి వెళ్లిన స్వరూప కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. మొదటిసారి కడుపు నిలవలేదు. రెండోసారి ఇది, ఏడో నెల. రాజమణి కళ్లన్నీ ఆ పిల్ల మీదే. అది తిన్నదా, పడుకుందా, కాళ్లు వాచాయా అని ఒకటే ధ్యాస. తాను అంగడికి పోవడం మానేసింది, అమ్మడానికి చేపలు లేవు కాబట్టి మానడం కష్టం కాలేదు.

ఒకనాడు స్వరూప గట్టు మీద కూర్చుని చెంబు ఎత్తి తాగి, తల్లి వైపు తిరిగి ముఖం చిట్లించింది. "అవ్వా, నీల్లు ఇనుము నాకినట్టున్నయి."

ఇనుము రుచి నాదేనని అందరూ నా వంక చూశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా నా తుప్పు ఆ నీళ్లలో రాలుతూనే ఉంది, ఎవరి నాలుకకూ తగల్లేదు. కానీ రాజమణి నా వంక చూడలేదు. బావిలోకి చూసింది. కావలి చేప పైకి వచ్చింది. ఆమె మొదటిసారి దాన్ని "ఉన్నవా?" అని అడగకుండానే చాలాసేపు చూసింది. దాని తోక దగ్గర చిన్న గూను ఉంది. అది నేను ఎప్పటినుంచో చూస్తున్నదే.

నాగవ్వ మాట ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. గంగారామే చెప్పి ఉంటాడు, నవ్వుకుంటూ, ఏ పడుచు రోజుల్లోనో. రాజమణి తన పుట్టిన ఊరికి పోయి, అక్కడి కుంటలోంచి బిందె నిండా నీళ్లతో సహా పరకలను పట్టి తెచ్చింది. గట్టు మీద రెండు పళ్లాలు పెట్టింది. ఒక దాంట్లో ఆ ఊరి నీళ్లు, ఒక దాంట్లో నా మీదుగా తోడిన మా బావి నీళ్లు. రెంట్లోనూ పరకలు వేసి, చెంగు నడుముకు చుట్టుకుని ముందు కూర్చుంది. గంగారాం కూడా వచ్చి కూర్చున్నాడు.

బావి నీళ్లలోని పరకలు ముందు పిచ్చిగా తిరిగాయి. తరవాత నీటి మీదికి వచ్చి నోళ్లు తెరిచాయి. మధ్యాహ్నానికి ఒక్కొక్కటే పక్కకు వాలింది. ఆ ఊరి నీళ్లలోవి ఆడుకుంటూనే ఉన్నాయి.

"పరక అట్లనే సస్తది. సూస్తెనే సస్తది. మా అవ్వ కాలంల గూడ గంతే" అన్నాడు గంగారాం.

"మరి ఆ పల్లెంలయి ఎందుకు సావలే?"

అతను బావిలోకి చూపించాడు. "గది బతికే ఉన్నది గదా. నా చేతులతోటి ఏసిన. నాకు దెల్వదా?"

అతన్ని చూస్తే జాలేసింది. మొండివాడు కాదు, చెడ్డవాడు అంతకన్నా కాదు. చెరువు పోయింది. వలలు గోడకెక్కాయి. ఈ బావి కూడా పోయిందంటే ఇక అతనికి మిగిలింది ఏముంది? ఆ చేప బతికి ఉండాలని అతనికి ఉంది. అది చాలు, కళ్లకు అదే కనబడుతుంది.

రెండు రోజుల తరవాత, మధ్యాహ్నం, వాడలో అందరూ అన్నాలు తిని నడుము వాల్చిన వేళ రాజమణి ఒక్కతే వచ్చింది. చేతిలో గాలం, కత్తిపీట, ఒక చిప్పలో బూడిద. ముందు నా దగ్గరికి వచ్చింది. చిన్న గిన్నెలోంచి ఆముదం తీసి నా ఇరుసులో పోసింది. నా జన్మలో అదే మొదటి నూనె. నేను అరవకూడదని పోసింది. ఎర గుచ్చిన గాలాన్ని నా గాడిలోంచి కిందికి వదిలింది.

ఎంతోసేపు పట్టలేదు. మనిషి చేతి మీద నమ్మకం ఉన్న చేప అది. తాడు బిగిసింది, నేను చప్పుడు లేకుండా తిరిగాను, నల్లటి ఒళ్లు కొట్టుకుంటూ వెలుగులోకి వచ్చింది. రాజమణి దాన్ని గట్టు మీద వేసి, చేతులకు బూడిద రాసుకుని పట్టుకుంది.

"తప్పు గాదు తల్లీ. నా బిడ్డ కోసం" అని కోసింది.

ఆమెది జీవితమంతా చేపలు కోసిన చెయ్యి. కళ్లు మూసుకున్నా ఏది ఎక్కడ ఉండాలో తెలుసు. ఎర్రటి కాలేయం ఉండాల్సిన చోట బూడిద రంగు ముద్ద, నల్లటి మచ్చలతో. వేలితో ముట్టుకుంటే తడి మట్టిలా చితికింది. మొప్పల నిండా తెల్లటి జిగురు. ఆడచేప అది, గుడ్ల సంచి గట్టిపడి చింతగింజంత అయిపోయింది. రాజమణి ఆ కాలేయం ముద్దను అరచేతిలోకి తీసుకుంది. ఇన్నేళ్లూ మాకు కాపలా ఉందనుకున్న చేప, లోపల ఇంత చచ్చి కూడా, ఇంకా గుటకలు మింగుతూ మాకు భరోసా ఇచ్చింది. నా ఇనుప గుండె కూడా అప్పుడు తట్టుకోలేకపోయింది.

చేప తోక రాతికి కొట్టుకున్న చప్పుడుకు బుచ్చవ్వ బయటికి వచ్చింది. చూసింది. ఆ తరవాత వాడ అంతా వచ్చింది.

"కావలిదాన్ని కోసినవా? కడుపుతోని ఉన్న బిడ్డను ఇంట్ల పెట్టుకోని?" అంది బుచ్చవ్వ.

రాజమణి అరచెయ్యి చాపింది. "సూడు చిన్నత్తా. ఇది కార్జమా? నువ్వే చెప్పు. ఎన్ని చేపలు కోసినం మనం."

ఎవరూ ముందుకు రాలేదు. గంగారాంకు చూపించింది. అతను ఆ చేతిని చూశాడు, తరవాత బావిని చూశాడు, తరవాత తల తిప్పుకున్నాడు. అతనికి తెలిసింది. నేను పైనుంచి అతని ముఖం చూశాను కాబట్టి చెబుతున్నాను, అతనికి తెలిసింది.

ఇక అక్కడి నుంచి వాడ మాట మారిపోయింది. మర్నాడు ఎవరికో కడుపులో నొప్పి వచ్చింది. ఇంకెవరికో వాంతులు. అవి అంతకుముందు లేవా అంటే ఉన్నాయి. కానీ ఇప్పుడు కారణం దొరికింది. రాజమణి కావలిదాన్ని కోసింది, అందుకే నీళ్లు చెడ్డాయి. అంతే, తేలిపోయింది. గుట్ట వెనక పొగ అలాగే లేస్తోంది, దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. వాడవాళ్లు పట్నం అంగడి నుంచి ఒక పెంపకం కొర్రమీనును కొనుక్కొచ్చి, పసుపు పూసి, బావిలో వదిలారు. వదిలింది గంగారామే. అది తోక ఆడించి మునిగింది. కాసేపటికి పైకి వచ్చి గుటుక్కుమంది. అందరూ నిట్టూర్చి, బొక్కెనలు దించారు.

రాజమణి మళ్లీ బావి వైపు రాలేదు. ఊరవతల బోరు నుంచి బిందెలు మోసుకొచ్చి స్వరూపకు తాగించింది. నడుము పడిపోతున్నా మోసింది. ఆ బోరు కూడా వాగు ఒడ్డునే ఉందని ఆమెకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. నేను చెప్పగలిగితే చెప్పేదాన్ని. ఆమె బిందెతో వాగు దారి పట్టి పోతుంటే కీచుమని ఎంత మొత్తుకున్నానో. ఆముదం ఎండిపోయింది కదా, మళ్లీ నోరు వచ్చింది. "నోరు పడిపోను" అని మళ్లీ తిట్టారు.

స్వరూపకు నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయి. వాడలో పురుడంటే నాకు పండగ. వేడినీళ్లకని, బట్టలకని, తలంటుకని బొక్కెన మీద బొక్కెన తోడతారు, నాకు ఊపిరి సలపదు. ఆ రోజు పొద్దుటి నుంచి చెవులు రిక్కించి ఎదురుచూశాను. చివరికి గంగారాం ఒక్కడే వచ్చాడు. ఒక్క బొక్కెన తోడాడు. చిన్న బిడ్డ ఒంటికి ఒక్క బొక్కెన చాలు, ఏడవని బిడ్డకు అంతకన్నా అక్కర్లేదు. తోడాక తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కింద కొత్త చేప గుటుక్కుమంది. అతను బొక్కెన ఎత్తుకుని పోయాడు.

నీళ్ల వల్లే అని నేను ఒట్టేసి చెప్పలేను. డాక్టరును కాను, ఇనుప ముక్కను. ఎవరైనా ఆ నీళ్లను చూసి అవునో కాదో చెప్పి ఉంటే బాగుండేది. ఎవరూ చూడలేదు. నెల తిరగకముందే రాజమణి కూతుర్ని తీసుకుని తన పుట్టిన ఊరికి, ఆ పరకల కుంట దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లేముందు బావి దగ్గరికి వచ్చి, నా స్తంభాన్ని ఒకసారి చేత్తో తడిమింది. బావిలోకి మాత్రం చూడలేదు.

ఆ తరవాత కథ ఏముంది. గొట్టాల నీళ్లు వచ్చాయి. బావి మీద సిమెంటు బండ వేశారు. లోపల ఆ చేప ఇంకా ఉందో లేదో ఎవరూ వంగి చూడలేదు. నన్ను ఊడబెరికి పాత సామాన్లవాడి బండిలో పడేశారు. వాడు గుట్ట దాటి, వాగు ఒడ్డున ఒక ఆవరణలో కుమ్మరించాడు.

అలా ఇక్కడికి వచ్చాను. ఇన్నాళ్లూ కిందనుంచి చూసిన పొగ ఇప్పుడు నా మీదే లేస్తోంది. తుక్కు కుప్ప, బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు, రెండూ ఒకరివే, పక్కపక్కనే. సుత్తి దెబ్బలు పొద్దున్నే మొదలవుతాయి. నల్లటి డబ్బాల్లోంచి కారిన నీళ్లు, బూడిద రంగు అడుసు, ఒక కాలువ వెంట పోయి వాగులో కలుస్తాయి. నీటి ఒడ్డున గడ్డి కూడా లేదు. ఒక కొంగ అప్పుడప్పుడు వచ్చి నిలబడుతుంది, పాత అలవాటు కొద్దీ. ఏమీ దొరక్క ఎగిరిపోతుంది.

ఈ కథ మొదలుపెట్టాకే, కుప్పలో ఇనుము వేరు చేయడానికి ఒక ముసలివాడు వచ్చాడు. ముక్కుకు గుడ్డ, చేతులకు చిరిగిన తొడుగులు. నన్ను పైకి తీశాడు. గాడిలో వేలు పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. తుప్పు పట్టిన ఇరుసు, కీచుమన్నాను. అతను ఆగిపోయాడు. ఆ కీచును గుర్తుపట్టనివాడు మా వాడలో ఎవడు? గుడ్డ కిందికి లాగాడు. గంగారాం. చేపల వాసన పోయింది చేతులకు. వాసనే లేదు వాటికి.

చెరువులో చేపల్లేని బెస్తవాడు ఇంకేం చేస్తాడు? చెరువును చంపిన చోటికే కూలికి వచ్చాడు. నన్ను కాసేపు అలాగే పట్టుకుని, కరిగించడానికి పోయే ఇనుము కుప్ప మీద మెల్లగా పెట్టాడు. విసిరేయలేదు. ఆ మాత్రం మర్యాద చేశాడు. రేపో ఎల్లుండో లారీ వస్తుంది. మళ్లీ ఎర్రగా కాగుతాను, మళ్లీ ఏదో అవుతాను. గిలకను మాత్రం కావద్దని కోరుకుంటున్నాను. నీళ్ల పైన వేలాడి చూడటం ఇక నా వల్ల కాదు.

ఈ కొత్త కుప్ప మీదినుంచి షెడ్డు పక్కనున్న సిమెంటు తొట్టి కనబడుతుంది. కూలీలు తాగే నీళ్లు అందులోనే ఉంటాయి. మధ్యాహ్నం సుత్తులు ఆగాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు తొట్టి చుట్టూ చేరారు. కొత్తగా చేరినవాడు ఒకడు నీళ్ల వంక అనుమానంగా చూసి, చెంబు ముంచకుండా నిలబడ్డాడు.

"తాగు బిడ్డా, ఏం గాదు" అన్నాడు గంగారాం. "నేను సూసి చెప్త గదా."

తొట్టి మీదికి వంగాడు.

"ఉన్నవా?" అని అడిగాడు.

నల్లటి తల ఒకటి పైకి వచ్చి, గుటుక్కున గాలి మింగి, కిందికి పోయింది. గంగారాం తల ఊపాడు. ఆ కొత్తవాడు చెంబు ముంచుకున్నాడు.